పులిజూదం పలక ధర

మా కొట్లో మొదటిసారి సరుకు సర్దిన రోజు పెట్టెలు మోయడం నాకు కష్టమనిపించలేదు. వాటి మీద ధర స్టిక్కరు వెయ్యడానికే చెయ్యి రాలేదు. స్టిక్కర్లు కొట్టే చిన్న మిషను ఒకటి కొనుక్కున్నాను. అంకెలు తిప్పి మీట నొక్కితే కాగితం పెట్టెకు అంటుకుంటుంది. అంకెలు ముందుకు తిప్పడం, మళ్ళీ వెనక్కి తిప్పడం, ఆ మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. సాయంత్రానికి అతికించినవి ఏడు. అందులో మూడు పీకేశాను.

అంతకు ముందు పదకొండేళ్ళు నరసరావుపేటలోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పాను. ఆ స్కూలును ఇంకో స్కూల్లో కలిపేసినప్పుడు లెక్కల టీచర్లు ఎక్కువయ్యారన్నారు. ఎక్కువైన ఇద్దరిలో నేనొకదాన్ని. మా ఆయన జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరు. పత్తి వచ్చే నెలల్లో పూర్తి జీతం, మిగతా నెలల్లో సగం. మామయ్యగారు ముప్పై ఏళ్ళు అద్దె గదిలో నడిపిన స్టీలు సామాన్ల కొట్టు అప్పటికే మూతపడేలా ఉంది. అందులో సగం సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్ళకు వదిలేసి, మిగిలిన సగంలో ఆటల కొట్టు పెడతానన్నాను. చదరంగం, క్యారమ్స్, రంగుల క్యూబులు, ముక్కలు పేర్చే బొమ్మలు, నలుగురు కూర్చుని ఆడే బోర్డు గేములు. క్లాసులో ఎక్కాలు రాని పిల్లలకు అట్టముక్కలతో ఆటలు కట్టి నేర్పేదాన్ని. నాకున్న అనుభవం అదొక్కటే.

"ఆటలు ఎవురు కొంటారమ్మాయ్? బిందైతే పెళ్ళికి కావాల, గృహప్రవేశానికి కావాల" అన్నారు మామయ్యగారు. కానీ అడ్డు చెప్పలేదు. మధ్యాహ్నం పూట నేను అన్నానికి వెళితే కౌంటర్ దగ్గర ఆయనే కూర్చునేవారు.

ధరల గురించి ఆయన దగ్గర ఒకే సూత్రం ఉండేది. "కొన్నదాని మీద రూపాయికి పావలా వేసుకో. అంతకంటే ఆలోచించబాక." స్టీలు సామానుకు అది సరిపోయింది. గ్లాసులు రోజూ పోతాయి, తెచ్చిన డబ్బు నెలలో తిరిగొస్తుంది. నా పెట్టెలు అలా కాదు. మిరపకాయలు మార్కెట్ యార్డుకు వెళ్ళే ఎండాకాలంలో తెచ్చిన పెట్టె దసరాకు కూడా అదే అరలో ఉండేది. ఎండకు దాని రంగు వెలిసేది. అది అన్నాళ్ళు కూర్చున్నందుకు అద్దె ఎవరు కట్టాలి? అందుకని పావలా చాలదు. అర్ధరూపాయి వేద్దామంటే ఫోను అడ్డొచ్చేది.

ఒక బోర్డు గేము సంగతే చెబుతాను. పెట్టె మీద అచ్చు వేసిన ధర పందొమ్మిది వందల తొంభై తొమ్మిది. హైదరాబాదు నుంచి పార్సిల్ ఖర్చుతో సహా నాకు పడింది పన్నెండు వందల అరవై. ఫోన్లో, ఆన్‌లైన్ కొట్లలో, పొద్దున పదమూడు వందల యాభై ఉండేది, సాయంత్రానికి పన్నెండు వందలకు దిగేది. నేను కొన్న ధరకంటే తక్కువకు ఇంటికి తెచ్చి ఇస్తారు. కొట్లోకి వచ్చినవాళ్ళు పెట్టె తీసుకుని, తిప్పి చూసి, వెంటనే ఫోను తీసేవారు. నేను వాళ్ళ ముఖం చూసేదాన్ని కాదు, తెర మీద కదిలే బొటనవేలినే చూసేదాన్ని. అది ఆగిందంటే ధర కనబడినట్టు. చాలామంది మర్యాదగానే పెట్టెను అరలో పెట్టేసి, "మళ్ళీ వస్తాం మేడమ్" అని వెళ్ళిపోయేవారు. రోజూ పొద్దున కాఫీ తాగకముందే ఫోన్లో ముప్పై ధరలు చూసుకోవడం, కొట్టు తెరిచి పాత స్టిక్కర్లు పీకి కొత్తవి వెయ్యడం అలవాటైంది. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ జిగురు ఉండేది.

ఆ సంగతి చూసి చూసి, ఫోన్లో దొరకని వస్తువు ఒకటైనా నా కొట్లో ఉండాలనుకున్నాను. రైలు కట్ట అవతల ఒక సాయిబు గారు చెక్క మిషను మీద మంచం కోళ్ళు, అప్పడాల కర్రలు చేసేవారు. యాభై దాటిన మనిషి. చేతి మీద వెంట్రుకలు కనబడనంతగా చెక్కపొట్టు అంటుకుని ఉండేది. ఆయన దగ్గరకు వెళ్ళి పులిజూదం పలక చేసివ్వగలరా అని అడిగాను. మూడు పులులు, పదిహేను మేకలు. పులులు మేకల్ని దూకి చంపుతాయి, మేకలు చుట్టుముట్టి పులుల్ని కదలకుండా కట్టేస్తాయి. మా వైపు బండల మీద బొగ్గుతో గీసి, చింతగింజలతో ఆడేవారు. ఆయన నా మాట పూర్తయ్యేలోపే నేల మీద పొట్టులో వేలితో త్రిభుజం గీసి, "ఇదేగా అమ్మా" అన్నారు.

వారంలో ఒక నమూనా వచ్చింది. వేపచెక్క పలక, గీతలు లోతుగా చెక్కినవి, పావులు కూడా చెక్కవే, పులులకు మాత్రం ముదురు రంగు. చేత్తో పట్టుకుంటే వదలబుద్ధి కాలేదు. ఇరవై చేస్తే ఒక్కోటి నాలుగు వందల ఇరవై అన్నారు. సంచి, అట్టపెట్టె, నియమాల కాగితం కలిపి ఇంకో వంద. మొత్తం అయిదు వందల ఇరవై. దాని మీద అచ్చు ధర లేదు, ఫోన్లో ధర లేదు. సంతోషించాల్సింది పోయి నాకు కంగారు పట్టుకుంది. ఇన్నాళ్ళూ ధరను పెట్టె మీదివాళ్ళు, ఫోన్లోవాళ్ళు చెప్పేవారు, నేను మధ్యలో నలిగేదాన్ని. దీనికి చెప్పాల్సింది నేనే. ఏడు వందలు అనుకున్నాను. అది తక్కువైతే జనం చవక సరుకు అనుకుంటారేమో. తొమ్మిది వందలు అనుకున్నాను. చెక్కముక్కకా అంటారేమో. రెండు రోజులు తిప్పి తిప్పి ఎనిమిది వందల యాభై అని కొట్టాను. ఎందుకు అంతే అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అడగరని ధైర్యం.

మొదటి పలక కొన్నది మాస్టారు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం పొద్దున మా కొట్లో రెండు బల్లలు వేసి పిల్లలకు చదరంగం నేర్పేవారు, రూపాయి తీసుకోకుండా. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు ఏదో ఒకటి కొనుక్కుని వెళ్ళేవారు. నిజం చెప్పాలంటే నా కొట్టు నడిచింది ఆ ఆదివారాల మీదే. ఆయన ధర చూసి, డబ్బులిచ్చి, పలకను చంకలో పెట్టుకుని వెళ్ళారు. ఆ వారంలో ఆయన చెప్పారంటూ ముగ్గురు వచ్చి తలా ఒకటి కొన్నారు.

తరువాతి గురువారం. అంతకు ముందు రెండు రోజులు బేరం లేదు. మాస్టారు రోజూలాగే బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నలభై అయిదేళ్ళ ఒకామె, చేతిలో ఆసుపత్రి ఫైలు, ఎక్స్‌రే కవరు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. అద్దాల అరలోకి చూసి, "ఇది పులిజూదం కాదూ?" అంది.

అవునన్నాను.

"మాది గురజాల పక్కనమ్మా. మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. ఎక్సర్‌సైజులు చేపిచ్చే అబ్బాయి చిన్న చిన్నవి ఏయన్నా ఏళ్ళతో పట్టుకోని తీపిచ్చమన్నాడు. శెనక్కాయలు ఇస్తే ఇసిరికొడతన్నాడు. ఇదైతే ఆడతాడు. ఈ ఆటలో మా ఊళ్ళో ఆయన్ని గెలిచినోళ్ళు లేరు." అద్దం మీద వేలు పెట్టి అడిగింది, "ఎంతమ్మా ఇది?"

చెప్పాను.

"ఎనిమిదొందల యాబయ్యా? చెక్కేగా."

"చేత్తో చేసింది అమ్మా."

"ఆసుపత్రికే చానా అయిపోయింది. నాలుగొందలు చేసుకోండి."

కుదరదన్నాను. ఆమె ఫైలు సర్దుకుని, తలుపు వైపు తిరిగింది. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది, "అయిదొందల యాభై ఇవ్వండి."

ఆమె వెనక్కి వచ్చి, చీర కొంగు ముడి విప్పి డబ్బులిచ్చి, పలక తీసుకుని వెళ్ళింది. నేను కౌంటరు మీది నోట్లు చూస్తుండగా పేపరు మడిచిన చప్పుడైంది. మాస్టారు లేచారు. నా వైపు చూడలేదు. "వస్తానమ్మా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. రోజూ అనే మాటే. కానీ టీ తెప్పించుకోకుండా ఆయన ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆదివారం రాలేదు. ఆరుగురు పిల్లలు తొమ్మిదిన్నర దాకా కూర్చుని, వాళ్ళలో వాళ్ళు గొడవపడి వెళ్ళిపోయారు. వాళ్ళ నాన్నల్లో ఒకరు, "ఆయనకు ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. తెలీదన్నాను. తరువాతి ఆదివారమూ రాలేదు. ఈసారి పిల్లలు ముగ్గురే వచ్చారు.

"ఫోన్ చేసి కనుక్కోవచ్చుగా" అన్నారు మా ఆయన.

"ఏమని కనుక్కోను?"

"ఏందంట, తెలిసినోడికి ఎక్కువా, తెలియనోళ్ళకి తక్కువా? అదేగా ఆయన బాధ. మా మిల్లులో రోజూ జరిగేదే ఇది."

అదే బాధో కాదో నాకు తెలియలేదు. నన్ను తినేస్తున్నది ఇంకోటి. ఆ రోజు నేను జాలిపడి తగ్గించానా, బేరం పోతుందని భయపడి తగ్గించానా? జాలి అయితే మాస్టారి ముందు తల ఎత్తుకోగలను. ఆమె గుమ్మం వైపు తిరిగిన క్షణాన్ని ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా, నాకు ఆమె భర్త చెయ్యి గుర్తు రావడం లేదు, ఆమె వీపే గుర్తొస్తోంది. ఆ పది రోజులు కొట్లోకి ఎవరు అడుగుపెట్టినా, పులిజూదం వైపు వేలు చూపిస్తారేమోనని భయం. ఒకాయన చూపించాడు కూడా. ధర చెప్పడానికి బదులు, "అది బుక్ అయిపోయిందండీ" అనేశాను. అరలో ఇంకా పదిహేను ఉన్నాయి.

చివరికి మూడు వందలు కవర్లో పెట్టుకుని ప్రకాష్ నగర్‌లో మాస్టారింటికి వెళ్ళాను. మాస్టారు వరండాలో తమలపాకు తీగకు పురికొస కడుతున్నారు. నన్ను చూసి కుర్చీ లాగారు. దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. కవరు ఆయన ముందు పెట్టి, "మీ దగ్గర ఎక్కువ తీసుకున్నాను మాస్టారూ" అన్నాను.

తీసుకోరనుకున్నాను. వద్దమ్మా అంటారు, నేను బతిమాలతాను, అక్కడితో అయిపోతుంది అనుకున్నాను. ఆయన కవరు తెరిచి, చూసి, జేబులో పెట్టుకున్నారు. నా ముఖం వేడెక్కింది.

"ఆవిడకి తగ్గించావని కాదమ్మా" అన్నారు. "తగ్గించాల్సిన మనిషే. కానీ నువ్వు మూడొందలు ఒక్క మాటలో దించావు. ఎనిమిదొందల యాభై అని రాసినప్పుడు దానికొక లెక్క ఉందనుకున్నాను. లెక్క ఉంటే అంత సులువుగా దిగదు గదా. నేను ముగ్గురికి చెప్పాను, ధర న్యాయంగా ఉందని. వాళ్ళకిప్పుడు ఏం చెప్పాలి?"

"లెక్క ఉంది మాస్టారూ."

"ఉంటే చెప్పు."

సాయిబు గారి కూలి, సంచి, పెట్టె చెప్పాను. అయిదు వందల ఇరవై దగ్గర ఆగిపోయాను. మిగతా మూడు వందల ముప్పై గురించి అద్దె, కరెంటు, అమ్ముడుపోని రోజులు అని ఏదో నసిగాను. పదకొండేళ్ళు పిల్లల్ని బోర్డు దగ్గర నిలబెట్టి, మధ్యలో మెట్టు ఎగరగొడితే మార్కులు కోసినదాన్ని. లోపలి నుంచి వాళ్ళావిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అది తాగి వచ్చేశాను.

మిగతా ముగ్గురికీ ఫోన్ చేసి మూడు వందలు వెనక్కి ఇస్తానన్నాను. ఇద్దరు వచ్చి తీసుకున్నారు. మూడో ఆయన ఎందుకిస్తున్నానో అర్థంకాక, ఏదో మోసం అనుకుని ఫోన్ పెట్టేశాడు.

ఆ తరువాత నేను చేసిన పని, అప్పుడు ఎంతో నిజాయితీ అనిపించింది. ఒక తెల్ల అట్ట మీద పులిజూదం లెక్క మొత్తం రాశాను. చెక్క, కూలి నాలుగు వందల ఇరవై. సంచి నలభై. పెట్టె, కాగితం అరవై. అద్దె, కరెంటు భాగం నూట యాభై. అమ్ముడుపోక ఆగే కాలానికి ఎనభై. నాకు వంద. మొత్తం ఎనిమిది వందల యాభై. దాన్ని అర పక్కన గోడకు అంటించాను.

మామయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "కొన్న ధర గోడకి అంటిచ్చి ఎవుడన్నా యాపారం చేస్తాడా అమ్మాయ్? ముప్పై ఏళ్ళు మీ అత్తకు కూడా చెప్పలా నేను."

"దాచిపెడితేనే కదా మామయ్యగారూ ఇదంతా వచ్చింది."

ఆ మధ్యాహ్నం ఆయన కౌంటర్ దగ్గర కూర్చోవడానికి రాలేదు.

జనం నిజంగానే చదివారు. ఒకాయన, "నీ అద్దె నేనెందుకు కట్టాలమ్మా?" అన్నాడు. ఇంకొకామె ఫోటో తీసుకుంది. ఇద్దరు బేరం ఆడకుండా కొన్నారు. ఆ వారం నాకు ఊపిరి ఆడింది. ఇంక ఎవరు అడిగినా గోడ చెబుతుంది అనుకున్నాను.

ఎనిమిదో రోజు సాయిబు గారు వచ్చారు. ఎప్పుడూ కొట్టు దాకా వచ్చే మనిషి కాదు, సరుకు ఆటోలో పంపేవారు. మిషను దగ్గర్నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, కనుబొమల మీద పొట్టు ఉంది. నమస్తే కూడా చెప్పకుండా గోడ దగ్గరకు వెళ్ళి, మొదటి వరుస మీద వేలు పెట్టారు.

"ఇదేందమ్మా?"

"లెక్క భాయ్. అందరికీ తెలియాలని రాశాను."

"సత్తెనపల్లిలో ఒకాయన నా దగ్గర పూజ పీటలు చేపిచ్చుకుంటాడు. ఇంత పనే, ఒక్కోటి ఆరొందలు. నిన్న ఫోన్లో ఈ ఫోటో పెట్టాడు. నరసరావుపేట మేడమ్‌కి నాలుగొందల ఇరవైకి చేసి నా దగ్గర ఆరొందలు గుంజుతన్నావా అన్నాడు. మీరు ఇరవై ఒకేసారి చెప్పారు, చెక్క నా దగ్గర మిగిలిందే వాడాను, అందుకని ఆ రేటు ఇచ్చా. అది ఆయనకి ఎట్లా చెప్పేది?"

ఆయన వేలు అట్ట మీద కిందికి జరిగింది.

"మీ లెక్క మీరు చూపిచ్చుకోండి. మీ వంద, మీ అద్దె. నాది ఎందుకు చూపిచ్చారు? ఒక మాట అడిగారా?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. నేను కుర్చీ వేసుకుని ఎక్కి, ఆయన ముందే అట్ట పీకాను. సున్నం పెచ్చులు దానితోపాటు ఊడొచ్చాయి. తప్పయిందన్నాను. ఆయన తల ఊపారు. "ఇంక మీకైనా ఆయనకైనా ఒకటే రేటమ్మా. ఆరొందలు. అట్లయితేనే నేను మాట నిలబెట్టుకోగలిగేది" అని చెప్పి వెళ్ళారు.

సత్తెనపల్లి ఆయన నంబరు కనుక్కుని ఫోన్ చేశాను. ఇరవై ఒకేసారి చెప్పినందుకు, మిగిలిన చెక్క వాడినందుకు నాకు ఆ ధర వచ్చిందని, ఇప్పుడు నాకూ ఆరు వందలేనని చెప్పాను. ఆయన విసుక్కున్నాడు, కానీ పీటలు మాత్రం సాయిబు గారి దగ్గరే చేయించుకుంటున్నాడని తరువాత తెలిసింది. నేను చెడగొట్టినది కొంతైనా సర్దుకుందో లేదో సాయిబు గారిని అడిగే ధైర్యం నాకు చాలా రోజులు రాలేదు.

పాతవి అయిపోయాక కొత్త పలకలు వచ్చాయి. పాత లెక్క ప్రకారం వెయ్యిన్నీ ముప్పై అవుతుంది. వెయ్యి అంకె దగ్గర మిషను మీద నా వేలు ఆగిపోయింది. నా వందలోంచి యాభై తీసేసి, తొమ్మిది వందల ఎనభై అని కొట్టాను. ఈసారి ఎందుకంత అని ఎవరు అడిగినా మెట్లన్నీ చెప్పగలను, సాయిబు గారి అంకె ఒక్కటి తప్ప. అది ఆయనది. నేను అమ్మేది ఒకే ధరకు, ఎవరికైనా అంతే అని నిర్ణయించుకున్నాను.

మాస్టారు నెలన్నర తరువాత ఒక ఆదివారం పొద్దున వచ్చారు. పలక తీసి స్టిక్కరు చూశారు. "పెరిగిందే" అన్నారు. చెక్కపని చేసే ఆయన కూలి పెరిగిందని, అది ఎంతో మాత్రం చెప్పలేనని అన్నాను. ఒక క్షణం నా ముఖంలోకి చూసి, "చెప్పబాకులే. అది ఆయన సంగతి" అని బల్లల మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టారు. పిల్లలు ఇద్దరే ఉన్నారు ఆ రోజు. మళ్ళీ ఆరుగురు కావడానికి రెండు నెలలు పట్టింది.

ఆ మధ్యలో ఒక సాయంత్రం ఒక ముసలాయన ఊతకర్రతో వచ్చి, మనవరాలికి పులిజూదం కావాలన్నాడు. జేబులో ఉన్నవన్నీ తీస్తే ఏడు వందలు. ఆయన పలక వెనక్కి పెట్టేలోపు నేను నా హ్యాండుబ్యాగు తెరిచి, రెండు వందల ఎనభై తీసి గల్లాలో వేసి, తొమ్మిది వందల ఎనభైకి బిల్లు రాశాను. కొట్టు ధర దిగలేదు, దిగింది నా బ్యాగులోంచి. అలా చేస్తే, జాలిపడ్డానా భయపడ్డానా అన్నది నాకైనా తెలుస్తుందనిపించింది. ముసలాయన బిల్లు చూసి కంగారుపడి, "ఇంత ఇయ్యలేదుగా నేను" అన్నాడు. మిగతాది సర్దుబాటు అయిందని చెప్పి పంపాను.

ఇంటికి వెళ్ళాక కూరగాయలకు డబ్బు చాలక మా ఆయన్ని అడిగాను. ఏమైందని అడిగితే జరిగింది చెప్పాను. "నెలకెన్నిసార్లు ఇట్లా?" అన్నారు.

తెలీదన్నాను. నిజంగానే తెలీదు. మర్నాడు హైదరాబాదు నుంచి కొత్త పార్సిల్ వచ్చింది, పన్నెండు పెట్టెలు. మిషను చేతిలోకి తీసుకుని, ఫోను తెరిచి, మొదటి పెట్టె ముందు కూర్చున్నాను.